బలం గోలీ

మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసుకోవడానికే ధర్మయ్య మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. పడుగులో అటూ ఇటూ ఆడే నాడె కంటిలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగే పని ఏడాదిగా భార్య ఆండాళే చేస్తోంది. అంత ఊపిరి ఆయనకెక్కడిది? ఈ రోజు దవాఖానలో ఊపిరి పరీక్ష.

నాలుగేళ్ల కింద నారాయణపేటలో దశరథం సేటు నూలు గోదాము తగలబడింది. తడి తువాలు ముక్కుకు చుట్టుకుని లోపలికి దూరి, ముగ్గురు హమాలీలను బయటికి ఈడ్చుకొచ్చిన మనిషి ధర్మయ్య. అప్పటినుంచి పట్నం డాక్టరు ఏటా వచ్చి, ఆనాడు పొగలోకి వెళ్లినవాళ్లందరి చేతా గొట్టంలో ఊదించి రాసుకుపోతున్నాడు. ఎవరికైనా ఊపిరి తగ్గిందని తేలితే వాళ్లకు మందు, సేటు గోదాము మీద విచారణ. ఈ రెండో సంగతి ఊదేవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే సేటు ధర్మయ్యను ఇంటికి పిలిచి, ఛాయ్ తాగించి, చిన్న తెల్లగోలీ చేతిలో పెట్టేవాడు.

"బలం గోలీ, ధర్మా. పట్నపోళ్ల ముందట మనూరి ఇజ్జత్ కాపాడాలె."

సొంత అన్న కూడా ఇంతగా చూడడని పొంగిపోయేవాడు ధర్మయ్య. పిచ్చి మనిషి! గోలీ పడ్డ గంటకు ఛాతీ తేలికయ్యేది. జోరుగా ఊదేవాడు, "బాగుంది" అని రాసేవాళ్లు. సాయంత్రానికి మళ్లీ పిల్లికూతలే.

ఈసారి సేటు రాయచూరులో పెళ్లికి పోయాడు. ధర్మయ్య గోలీ లేకుండానే ఊదాడు. ఊదితే పైకి లేవాల్సిన గొట్టం చివరి డబ్బా సగానికి కూడా లేవలేదు.

డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు. "పోయినేడు బాగా ఊదారే! ఏమైనా మందు వేసుకున్నారా?"

"మందు కాదు సారూ. సేటు ఇచ్చే బలం గోలీ."

డాక్టరు తన పెట్టెలోంచి ఒక గోలీ తీసి చూపించాడు. అదే.

"ఇది ఆయాసం గోలీ. కొన్ని గంటలు రోగాన్ని దాచిపెడుతుంది. మొదటి ఏడే తెలిసుంటే వైద్యం మొదలుపెట్టేవాణ్ని."

ధర్మయ్య గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"గా మంటల్ల సచ్చినా గింత బాధ గాకపోవు సారూ. అన్నలెక్క అనుకున్న."

డాక్టరు నీళ్లమందు అరకు సీసా ఒకటి ఇచ్చి, తిన్నాక ఒక మోతాదు తాగమన్నాడు.

ఇల్లు చేరి, సీసా పక్కన పెట్టుకుని మగ్గం ముందు కూలబడ్డాడు. "సేటు నన్ను మోసం జేసిండే" అన్నాడు.

"జర ఆగు, అన్నం ఉడుకుతాంది. తిని మందు తాగుదువు" అంది ఆండాళు.

అన్నం దించి, పొద్దుగూకేవేళ ఆమె పిలవడానికి వచ్చింది. సగం నేసిన చీర మీద తల వాల్చి ఉన్నాడు. పిల్లికూతలు వినపడలేదు.

గుంట పక్కన సీసా నిలబడి ఉంది. మోతాదుల లెక్కకని సీసాకు అంటించిన కాగితపు పట్టీ గాట్లలో పైగాటు దాకా అరకు అట్లాగే ఉంది.