ఆరుద్ర పురుగు కళ్లు

మా అమ్మాయి లిఖిత చనిపోయిన రోజు ఉదయం నేను ఇడ్లీ పిండిలో ఉప్పు వేయడం మరిచిపోయాను. అప్పటికి నాలుగు రోజులుగా జ్వరం. మెదడువాపు అన్నారు డాక్టర్లు. తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి, టిఫిను చేసి, అత్తయ్యగారికి వడ్డించి, ఆసుపత్రిలో ఉన్న మా ఆయనకు డబ్బాలో సర్దుకుని మళ్లీ వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. పిల్లకు పదకొండేళ్లు. అత్తయ్యగారు ఆ రోజును తలుచుకున్నప్పుడల్లా చివర ఒక మాట చేరుస్తారు. "పాపం, ఆ రోజు ఇడ్లీల్లో ఉప్పు కూడా లేదు." అందులో నింద ఉందని నేను అనను. ఆవిడకు గుర్తున్నది అది. ఆ సమయంలో నేను పిల్ల దగ్గర కాకుండా వంటింట్లో ఎందుకున్నాను అన్న ప్రశ్న మాత్రం ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చాలా రోజులు నాకూ తట్టలేదు.

మా ఇల్లు మేడ్చల్‌లో. నేను శామీర్‌పేట హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఆ ఏడాది, అంటే 2002లో, దసరా సెలవుల్లో లిఖిత పుస్తకాలు సర్దుతుంటే ఒక నోటుబుక్కు చివరి పేజీలో ఎర్ర పెన్సిలుతో వేసిన బొమ్మ కనిపించింది. ఆరుద్ర పురుగు. తొలి వానలకు మట్టిలోంచి పైకి వచ్చి, నాలుగు రోజులు ఎర్ర మఖమల్ ముక్కల్లా తిరిగి, మళ్లీ ఏడాది దాకా కనిపించకుండా పోయే పురుగు. మా స్కూలు ఊడ్చే ముత్తమ్మ ఒకసారి మోదుగాకు దొన్నెలో పట్టి పంపింది. లిఖిత దాన్ని అరచేతిలో పెట్టుకుని వచ్చి, "అమ్మా, దీనికి కళ్లెక్కడ?" అంది. నేను బట్టలు మడతపెడుతున్నాను. పక్కన దిద్దాల్సిన పేపర్లున్నాయి. "ఉంటాయిలే. తర్వాత చూపిస్తాను" అన్నాను. జీవశాస్త్రం టీచర్ని. దాని కళ్లు నేనెప్పుడూ చూడలేదు. బొమ్మ కింద పిల్ల ఇలా రాసుకుంది: కళ్లు ఎక్కడ? అమ్మ తర్వాత చూపిస్తుంది.

అదే సెలవుల్లో అత్తయ్యగారు కూరలు తరుగుతూ, "వేయించుకున్న ఆపరేషన్ విప్పించుకోవచ్చటమ్మాయ్. మా పిన్ని కోడలికి చేశారు. నీకింకా ముప్ఫై ఆరే కదా" అన్నారు. లిఖిత పుట్టినప్పుడు నాకు సిజేరియన్ అయింది. పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేసేశారని నాకు మర్నాడు తెలిసింది. కాగితం మీద సంతకం ఆయన పెట్టారు. మా ఆయన ఫణిభూషణ్ చెడ్డవాడు కాదు. "ఒక్కరు చాలనుకున్నాం కదా" అన్నారు అప్పుడు. అనుకున్నది ఎవరో నాకు గుర్తులేదు. ఇప్పుడు డాక్టరును కనుక్కున్నదీ ఆయనే. "ఆ డాక్టరు దగ్గర జూన్ దాకా ఖాళీ లేదట. స్కూళ్లు తెరిచాక సెలవు పెట్టుకో. ఇంట్లో మళ్లీ ఒక పిల్ల తిరిగితే నువ్వూ మామూలు మనిషివవుతావు" అన్నారు. నేను అవునని చెప్పలేదు. కాదని కూడా చెప్పలేదు. మా ఇంట్లో కాదనకపోతే అవుననే.

నాకు ముందు ఆ కళ్లు చూడాలి. స్కూల్లో ఉన్న భూతద్దానికి ఎర్ర నూగు తప్ప ఏమీ అందదు. మైక్రోస్కోపులో వెలుతురు కింది నుంచి వస్తుంది కాబట్టి దళసరి పురుగు నల్లటి ముద్దలా కనిపిస్తుంది. పై నుంచి వెలుతురు వేసి, ఒక మిల్లీమీటరును ఫిల్ము మీద ఐదు మిల్లీమీటర్లు చేసే పద్ధతి కావాలి. ఆ పద్ధతి ఒక పాత ఫోటోగ్రఫీ పుస్తకంలో దొరికింది. మామూలు లెన్సును తిరగేసి, దానికీ కెమెరాకూ మధ్య పొడవైన గొట్టం పెట్టాలి. విచిత్రమేమిటంటే, ఎంత విశాలంగా చూసే లెన్సయితే తిరగేసినప్పుడు అంత చిన్నదాన్ని పెద్దది చేస్తుంది. పెళ్లిళ్లలో రెండు వైపుల చుట్టాలనూ ఒకే ఫోటోలో పట్టించడానికి ఆయన కొన్న లెన్సు, కెమెరాతో పాటు బీరువాలో ఉంది. అడిగాను. "లెన్స్ తిరగేసి పెడతావా? ఎక్కడైనా విన్నామా?" అని నవ్వారు. కానీ ఇచ్చారు. పిల్ల పోయాక నేను అడిగిన మొదటి వస్తువు అది.

కెమెరా నోటికి పెట్టే ప్లాస్టిక్ మూతకు మధ్యలో గుండ్రంగా రంధ్రం కోసి, అందులో నీళ్ల పైపు ముక్క బిగించాను. పైపు లోపలి తెలుపు మెరిసి ఫోటోను పాడుచేస్తుందని స్కూల్లో నల్లబల్లకు వేసే రంగు పూశాను. ఆ రంగుకు మెరుపుండదు. ఇక పైపుకూ తిరగేసిన లెన్సుకూ మధ్య ఒక రింగు కావాలి. గండిమైసమ్మ చౌరస్తాలో లేత్ మిషన్ పెట్టుకున్న నసీరుద్దీన్ దగ్గరికి వెళ్లాను. పురుగు కళ్ల సంగతి చెబితే అతను లెన్సును కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు.

"గిదేంది టీచరమ్మా, ఉల్టా పెడ్తరా ఎవరన్న? మోటర్లు జేసిన, బోరు పైపులు జేసిన. గిసుంటిది నా జిందగీల జూడలే."

"చేయగలరా?"

"చేస్త. కానీ గింత లూజుంటే మీ పురుగు కండ్లు కాదు, నా కండ్లు కనవడ్తయ్." తర్వాత అడిగాడు, "ఎవరి కోసం గీ పరేషాన్? సార్ కోసమా?"

"నా కోసం" అన్నాను. ఆ మాట బయటికి వినడం కొత్తగా ఉంది. నసీరుద్దీన్ తల ఊపి కొలత రాసుకున్నాడు. రింగు రెండుసార్లు తప్పింది. మూడోది సరిపోయింది.

ఇంత దగ్గరగా చూసేటప్పుడు లెన్సును తిప్పితే ఫోకస్ కుదరదు. వస్తువునే వెంట్రుకవాసి చొప్పున జరపాలి. స్కూల్లో అద్దాలు పోయి పక్కన పడేసిన మైక్రోస్కోపు ఉంటే హెడ్‌మాస్టరును అడిగి తెచ్చుకున్నాను. గొట్టం తీసేశాను. దాని మర తిప్పితే పురుగును పెట్టే పళ్లెం నిదానంగా లేస్తుంది. పై నుంచి చూసేలా కెమెరాను దానిమీద బిగించాను.

మొదటి రోలు ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఆవగింజల మీద, చచ్చిన చీమల మీద తీశాను. టేబుల్ లైటు వెలుతురు చాలక ఒక్కో ఫోటోకు షట్టరును రెండు సెకన్లు తెరిచి ఉంచాను. ముప్ఫై ఆరూ అలుక్కుపోయి వచ్చాయి. ఎక్కడ తప్పిందో తెలియక లెన్సును అనుమానించాను, నసీరుద్దీన్ రింగును అనుమానించాను. మరో ఆదివారం మళ్లీ కెమెరా బిగిస్తుంటే పళ్లెం మీది ఆవగింజ సన్నగా వణకడం కనిపించింది. అదే వంటింటి గట్టు మీద, మూరెడు దూరంలో, గ్రైండర్‌లో సోమవారానికి ఇడ్లీ పిండి తిరుగుతోంది. మొదటి రోజూ తిరిగింది. ఖాళీగా ఉంటానా అని నేనే వేశాను. పదమూడేళ్లుగా ఒక పని చేస్తూ రెండోది చేయని గంట నాకు లేదు. అలాంటి ఒక గంటలోనే పిల్ల పురుగును పట్టుకుని వచ్చింది.

గ్రైండర్ ఆపేశాను. పది నిమిషాల్లో అత్తయ్యగారు వచ్చి, "పిండి సగంలో ఆపేశావేమిటి?" అన్నారు. "ఫోటో అయ్యాక వేస్తాను" అన్నాను. ఆవిడ, "చీమకా ఫోటో?" అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఫ్లాష్ వాడాను. దాని వెలుతురు మరీ గుచ్చుతుంటే ముందు ఇడ్లీ గుడ్డ కట్టాను. రెండు రోజులు ఇల్లంతా ఇడ్లీ గుడ్డ కోసం వెతికారు.

ఆపరేషన్ జూన్ ఇరవై నాలుగున అని ఆయన క్యాలెండర్లో గుండ్రంగా గీత పెట్టారు. అంతకు రెండు రోజుల ముందే ఆరుద్ర కార్తె వచ్చింది. ఇరవై మూడు సాయంత్రం మంచి వాన పడింది. పురుగులు కనిపిస్తే చెప్పమని ముత్తమ్మను ముందే అడిగి ఉంచాను. చీకటి పడకముందే ఆమె ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేసింది.

"టీచరమ్మా, మా చెల్కల ఎర్రపురుగులు ఎల్లినయ్. పొద్దుగాల జల్దీ రా. ఎండ పడ్డదంటే మల్ల మట్టిలకు పోతయ్. నిరుడు గట్లనే పాయె."

మర్నాడు ఖాళీ కడుపుతో రమ్మన్నారు డాక్టరు. మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. నేను లేచి ఎప్పటిలాగే ఇడ్లీలు వేశాను. ఆయన స్నానం చేసి, నా రిపోర్టుల ఫైలు చేతిలో పట్టుకుని హాల్లోకి వచ్చారు. అత్తయ్యగారు దేవుడికి దీపం పెట్టారు. ఇద్దరికీ వడ్డించాను. తర్వాత ఇంకో పళ్లెం తెచ్చుకుని రెండు ఇడ్లీలు పెట్టుకుని తిన్నాను. ఉప్పు సరిపోయింది.

ముందు ఆయనకు అర్థం కాలేదు. "తినకూడదు కదా. మరిచిపోయావా?"

"మరిచిపోలేదు. నేను ఆపరేషన్ చేయించుకోవడం లేదు."

"ఇంకో తేదీ అడగమంటావా?"

"వద్దు. ఏ తేదీ వద్దు."

అత్తయ్యగారు, "అయితే ఈ ఇంటికి ఇంకెవరూ వద్దా? ఆ పురుగులు చాలా నీకు?" అన్నారు.

"పోయిన పిల్ల ఒకటి అడిగింది అత్తయ్యగారూ. దానికి జవాబు చెప్పకుండా ఇంకొకరిని కనలేను" అన్నాను. కోపంగా అనలేదు. తరగతిలో చెప్పినట్టే చెప్పాను. చేయి కడుక్కుని, కెమెరా సామాను సర్దిన సంచీ తీసుకుని శామీర్‌పేట బస్సెక్కాను. సెలవు ఎలాగూ పెట్టి ఉంది.

ముత్తమ్మ చెలకలో, ఆ మెట్టచేని తడిమట్టి మీద, అవి పదుల కొద్దీ తిరుగుతున్నాయి. ఒక్కదాన్ని తీసుకుని స్కూలు లాబ్‌కు వెళ్లాం. కదలకుండా ఉండాలంటే కాస్త చల్లబరచాలి. ముత్తమ్మ సోడా బండి నుంచి ఐసుముక్క తెచ్చింది. డబ్బాను దానిమీద కాసేపు ఉంచితే పురుగు కాళ్లు ముడుచుకుని ఆగింది.

"గింత పురుక్కు గంత సామానా? లగ్గానికి గూడ గిన్ని ఫోటోలు దీయరు" అంది ముత్తమ్మ.

ఆ దూరంలో స్పష్టంగా వచ్చే మేర కాగితం మందానికి మించదు. నూగు కొసలు స్పష్టమైతే కింద ఉన్నది మసక. కింద ఉన్నదాన్ని పట్టుకుంటే నూగు మసక. నేను నూగును వదులుకున్నాను. మర తిప్పుతూ ముప్ఫై ఆరు తీశాను. అప్పటికి పురుగు వేడెక్కి కాళ్లు కదిపింది. దాన్ని తీసుకెళ్లి చెలకలో వదిలాం. మధ్యాహ్నానికి ఎండ వచ్చింది. చెలకలో ఒక్కటీ లేదు.

వారం తర్వాత ప్రింట్లు వచ్చాయి. ముప్ఫై ఐదు పనికిరావు. ఒకదానిలో ఎర్ర మసక మధ్యలో చిన్న కాడ, దాని చివర పక్కపక్కనే రెండు మెరిసే చుక్కలు. ఆయన వచ్చి నా వెనుక నిలబడ్డారు. ప్రింటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"ఇదేనా అది అడిగింది?"

"ఇదే."

ప్రింటును మెల్లగా టేబుల్ మీద పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ లోపలికి వెళ్లారు. క్యాలెండర్లో గీత అలాగే ఉంది. కొత్త గీత పెట్టలేదు.

లిఖిత నోటుబుక్కు తెరిచి బొమ్మ పక్కన ఆ ప్రింటు అంటించాను. దాని కింద, తల ఎడమవైపు, కాడ మీద రెండు కళ్లు, అని రాశాను. కుడివైపు కూడా ఉంటాయిలే అని రాయలేదు. కుడివైపు నేనింకా చూడలేదు.