రూతు ప్రార్థన, నా కంటి పొక్కు

నా ఎడమ కంటి పైరెప్ప కింద లేచిన పొక్కు మాయమవ్వాలని మా సంఘం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన చేసింది. తప్పెవరిదంటే ముమ్మాటికీ నాదే. అప్పుడైతే ఆ మాట చచ్చినా ఒప్పుకునేవాణ్ని కాదు.

కంకిపాడు అవతల కాలువ మీద ముప్పై మూడేళ్లు లస్కరుగా చేశాను. తూము తలుపులు ఎత్తడం, దించడం, నీళ్ల కోసం కొట్టుకునే రైతుల్ని విడదీయడం, అదే నా ఉద్యోగం. రిటైరయ్యాక గ్లకోమా వచ్చి, కంట్లో ప్రెషర్ పెరిగి కుడి కన్ను పూర్తిగా పోయింది. రెండో కన్నూ అదే దారి పడుతుంటే విజయవాడలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపే రోజున డాక్టర్ భానుశ్రీ గారు ఏవేవో జాగ్రత్తలు చెబుతున్నారు. నేను "సరేనండీ, సరేనండీ" అంటూ బస్సు టైము గురించి ఆలోచిస్తున్నాను. నా భార్య రూతు మందుల షాపు దగ్గర ఉంది.

వారం తిరక్కుండానే రూతు చుక్కల మందు వేస్తూ కెవ్వుమంది.

"ఇదేంటండీ, కంట్లో పొక్కు లేచింది!"

"ఆపరేషన్ అన్నాక ఏదో ఒకటి లేస్తుంది. నోరు మూసుకుని వెయ్యి."

ఆమె నోరు మూసుకునే మనిషా? సాయంత్రానికల్లా పాస్టర్ అబ్రహాము గారికి చెప్పేసింది. ఇక చూడండి, వీధిలో కనపడ్డ ప్రతివాడూ "పొక్కు తగ్గిందా అన్నా?" అనేవాడే. ఒళ్లు మండిపోయేది. చెకప్‌లకు తమ్ముడు పాల్ బండి మీద తీసుకెళ్లేవాడు. పొక్కు సంగతి అడిగి రమ్మని రూతు మరీ మరీ చెప్పేది. ఎవడు అడుగుతాడు? "తగ్గిపోతుందన్నారు" అని నేనే కల్పించి చెప్పేవాణ్ని.

మూడో శుక్రవారం దాటాక పొక్కు నిజంగానే అణిగింది. రూతు పాయసం వండి వీధంతా పంచింది. ఆ తర్వాతి చెకప్‌కి తనే నాతో వచ్చి, గదిలో అడుగు పెడుతూనే అంది.

"ప్రభువు కృప డాక్టర్ గారూ, పొక్కు పోయిందండీ!"

డాక్టర్ గారి మొహంలో నవ్వు ఆగిపోయింది. "అది పోకూడదమ్మా. కంట్లో ఊరే నీరు బయటికి రావడానికి దారి చేశాం. ఆ నీరు చేరే చోటే ఆ పొక్కు. ఈయనకి అంతా చెప్పానే!"

రూతు నావైపు చూసింది. ఆ చూపుకి, నాకు రెండు కళ్లూ లేకపోతే బాగుండుననిపించింది.

కంటి ప్రెషర్ చూశారు. పోయినసారి పదకొండు, ఇప్పుడు పంతొమ్మిది. "పైనుంచి చూస్తే తేలట్లేదు. స్కాన్‌లో లోపలి దారి చూద్దాం. మూసుకుపోయుంటే మళ్లీ ఆపరేషన్ చేయాలి. అది కూడా పని చేస్తుందని మాట ఇవ్వలేనండీ" అన్నారు.

బయట బెంచీ మీద రూతు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మేమే మూయించామండీ. ఊరంతా కలిసి అడిగాం."

"నీ మొహం! తప్పు నాది" అన్నాను. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదటిసారి. నాకు చాలా భయమేసింది. ఈ కన్నూ పోతే ఇక రూతుని చూడలేను.

స్కాన్ గదిలో డయానా అనే అమ్మాయి నా గడ్డం మిషన్‌కి ఆనించి, కిందికి చూడమని, రెప్పని మెల్లగా పైకి పట్టుకుంది. కంటికి ఏదీ తగల్లేదు, వెలుగు తప్ప. కాసేపటికి డాక్టర్ గారు, వెనకే రూతు లోపలికి వచ్చారు. తెర మీద బొమ్మ వచ్చింది. డాక్టర్ గారు నోరు విప్పేలోపే నేను ముందుకు వంగాను.

"ఈ నల్లగా ఉన్నది నీరేనాండీ?"

"అవునండీ."

"అయితే ఇది తూము. ఇటు పారుతోంది. తలుపు ఎత్తే ఉందిగా?"

డాక్టర్ గారు పకపకా నవ్వారు. "ఎత్తే ఉంది సంజీవరావు గారూ! పొక్కు పోలేదు, పల్చగా, వెడల్పుగా పరుచుకుంది, అంతే. ప్రెషర్ కోసం వారం వారం రండి. ఆపరేషన్ అక్కర్లేదు."

రూతు రెండు చేతులూ పైకెత్తేసింది.

"ప్రభువా, మేం అడిగింది ఇవ్వనందుకు నీకు స్తోత్రం!"

వరండాలో కూర్చున్న పేషెంట్లంతా తలుపులోంచి తొంగి చూశారు. ఇంకో రోజైతే కసిరేవాణ్ని. ఆ రోజు గదంతా మోగేలా "ఆమేన్" అని, కన్నీళ్లతో తడిసిన రూతు మొహాన్ని ఉన్న ఆ ఒక్క కంటితో తనివితీరా చూసుకున్నాను.