మోగని ఇల్లు

మిక్సీల మెకానిక్ ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటీ నోరు మూసుకోవడం మొదలుపెట్టాయి. ముందు గోడ గడియారం టిక్కుటిక్కు ఆగింది. తర్వాత కుక్కర్ మీది విజిల్ మాయమైంది. నిన్నటికి నిన్న వీధి తలుపు బెల్లు నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"దాని పనే ఇది, అల్లుడుగారూ," అంది అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుని. "నా కూతురికి మొదట్నుంచీ చప్పుళ్లు పడవు. పోయినా ఇల్లు వదల్లేదు."

"మీరూరుకోండి అత్తయ్యా!" అని కసిరాడు గానీ, ఆయనకూ ఒళ్లు జలదరించింది. దయ్యాల సంగతి దేవుడెరుగు, ఆయన్ని నిజంగా నమిలేస్తున్నది తన చిన్న కూతురి గురించిన బెంగ. తల్లి పోయిన రోజు నుంచీ ఆ పిల్ల గుసగుసలాడటమే తప్ప గొంతు పెగల్చలేదు. అంతకుముందు పక్కవీధికి వినబడే నోరు! గొంతుకి ఏ జబ్బూ లేదన్నాడు డాక్టరు. ఇలాగే మూగదైపోతుందేమోనని ఆయన భయం.

ఊరందరి మిక్సీలూ బాగుచేసేవాడికి సొంత బెల్లు చూసుకునే తీరిక ఎక్కడిది? ఆదివారం ఎట్టకేలకు స్టూలెక్కి మూత విప్పాడు. వైర్లు శుభ్రంగా ఉన్నాయి. గంటకీ సుత్తికీ మధ్య దూది కుక్కి ఉంది, జారిపోకుండా పైన ఎర్ర రిబ్బనుతో ముడి. ఆ రిబ్బను రోజూ కూతురి జడకి కట్టేది ఆయనే.

దూది లాగేసి, అలవాటుకొద్దీ చెయ్యి చాచి స్విచ్చు నొక్కి చూశాడు. గంట ఖంగుమంది. లోపల్నుంచి పిల్ల పరుగెత్తుకొచ్చి ఆయన కాలు పట్టుకుంది. గౌను జేబులోంచి కుక్కర్ విజిల్, గడియారం బ్యాటరీ తొంగిచూస్తున్నాయి.

"ష్! అమ్మ లేస్తుంది!" అంది తల్లి గది వైపు బెదురుగా చూస్తూ.

"ఎవరు చెప్పారే నీకు?"

"నువ్వే! అమ్మ పడుకుంది, అల్లరి చెయ్యకు, బయటికెళ్ళు అన్నావుగా. బాగా నిద్రపోనిస్తే నయమైపోతుంది కదా నాన్నా?"

ఆ రోజు ఏం చెప్పాలో తోచక అన్న మాట. అని మర్చిపోయాడు కూడా! స్టూలు దిగి పిల్ల ముందు చతికిలబడ్డాడు.

"నాన్న అబద్ధం చెప్పాడమ్మా. అమ్మ పడుకోలేదు. చనిపోయింది. చనిపోయినవాళ్లు ఇంక లేవరు, రారు."

"గట్టిగా పిలిచినా?"

"గట్టిగా పిలిచినా."

పిల్ల నమ్మలేదు. ఇన్నాళ్లూ దాచుకున్న గొంతంతా తీసి "అమ్మా!" అని అరిచింది. వంటింట్లో అత్తగారి చేతిలోంచి చెంబు జారిపడింది. ఎప్పుడెప్పుడు వింటానా అని ఆయన అల్లాడిపోయిన గొంతే అది.

తీరా విన్నాక, పిల్లని దగ్గరకు తీసుకోవాల్సిన మనిషి కదల్లేదు. ఆయనా ఆ గది వైపే చూస్తూ జవాబు కోసం చెవి ఒగ్గాడు.

ఎవరూ పలకలేదు. అప్పుడు ఏడ్చింది పిల్ల, పక్కవీధికి వినబడేలా. ఈసారి ఆయన ఊరుకోమనలేదు.