జంట ముక్కలు

బొంతలు కుట్టే ఆ ఇంట్లో అత్తగారిది నిదానం, కోడలిది తొందర. అత్తగారు అట్టముక్క పెట్టి త్రికోణాలు ఒక్కొక్కటే గీసి, కత్తిరించి, ఒక ముదురు రంగునూ ఒక లేత రంగునూ కలిపి కుట్టేది. ఏటవాలుగా కోసిన గుడ్డ సాగకుండా ఊరుకుంటుందా? చతురస్రం కావలసింది కాస్తా వంకర తిరిగేది. అప్పుడు ఆవిడ నాలుగు కుట్లకొకటి తెంచుకుంటూ విప్పి, వచ్చిన దారాన్ని వేలికి చుట్టి చిన్న ఉండ చేసి పక్కన పెట్టి, మళ్ళీ మొదలుపెట్టేది. పుట్టబోయే బిడ్డకని మొదలుపెట్టిన బొంత ఆ బిడ్డ బడికి వెళ్ళే వేళకు పూర్తయ్యేది.

కోడలికి అంత ఓపిక లేదు. ముదురు చతురస్రం మీద లేత చతురస్రం బోర్లించి, మూల నుంచి మూలకు సుద్దతో గీత గీసి, గీతకు రెండు పక్కలా పావు అంగుళం వదిలి మిషను మీద కుట్టేది. గీత మీద కత్తెర వేసేది ఆ తర్వాతే. విప్పి ఇస్త్రీ చేస్తే రెండు ముక్కలు, అచ్చు గుద్దినట్టు, సగం ముదురు, సగం లేత. గుడ్డ ముందే కాస్త పెద్దగా కోసుకునేది గనుక చివర్న స్కేలు పెట్టి అంచులు సరిచేస్తే కొలత నూలు పోగంత కూడా తేడా రాదు.

"బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఇవి ఒక్క కడుపున పుట్టిన కవలలు. ఒకదాన్ని ఒక బొంతలో, రెండోదాన్ని ఇంకో బొంతలో వేయకు. ఒకటి ఎక్కడుంటే రెండోది అక్కడికే పోవాలని చూస్తుంది" అనేది అత్తగారు.

"పోతే పోనీండి అత్తయ్యా. బస్సు చార్జీ మనం ఇవ్వక్కర్లేదుగా" అనేది కోడలు.

ఆ చలికాలం అత్తగారు మంచం పట్టింది. నానమ్మకు కుడుతున్న బొంతలాంటిదే తనకూ కావాలని ఆరేళ్ళ మనవరాలు పేచీ పెట్టింది. కోడలు రెండూ ఒకేసారి కుట్టేసింది. అరవై నాలుగు జతలు. ప్రతి జతలోనూ ఒకటి పెద్దావిడకు, ఒకటి పిల్లకు. తొందరలో అంచు ఎక్కువ కోసేయడంతో పిల్ల వాటాలో ఒక్క ముక్క కొలతకు తగ్గింది. దాని బదులు మూలన సాదా ముక్క వేసి, తగ్గినదాన్ని తన ఏప్రన్‌కు సుద్ద పెట్టుకునే జేబుగా కుట్టుకుంది.

అత్తగారు బొంతను వేళ్ళతో తడిమి చూసింది. "జంటలు విడదీయలేదు కదా?"

"లేదత్తయ్యా" అంది కోడలు. ఆ మనిషితో ఆమె ఆడిన ఆఖరి అబద్ధం అదే. వారం తిరక్కుండా పెద్దావిడ పోయింది. ఆ బొంత కప్పే మట్టిలో పెట్టారు.

మూడోనాటి పొద్దున పిల్లను లేపబోతే కాళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి. బొంతలో ఒక త్రికోణం ఊడి వేలాడుతోంది. దారం పుటుక్కున తెగలేదు. నాలుగు కుట్లకొకటి తెంచి ఉంది. దిండు పక్కన చిన్న దారపు ఉండ.

మర్నాడు రెండు ఉండలు, ఆ మర్నాడు నాలుగు. ఆమె ఆ బొంత మడిచి బీరువాలో పెట్టి తాళం వేసింది. అయినా ఉండలు పిల్ల దిండు పక్కనే దొరికాయి. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. పిల్ల మాత్రం కంచం ముందు కూర్చుని కూడా వణుకుతోంది.

"నానమ్మ ఏమీ అనట్లేదమ్మా. పక్కన చోటుంది రమ్మంటోంది, అంతే" అంది పిల్ల.

ఆ మాట విన్న పూటే ఆమె బొంత ముందేసుకుని కూర్చుంది. తొందరలో చేసిన తప్పును ఈసారి అత్తగారి నిదానంతోనే విప్పింది. ముక్కలన్నీ సంచిలో వేసి తీసుకెళ్ళి పెద్దావిడ మట్టిలోనే పూడ్చింది. "తప్పయిపోయింది అత్తయ్యా. మీవి మీరు తీసుకోండి, పిల్లను వదిలేయండి" అని నేల మీద చేయి వేసి ఏడ్చింది.

తెల్లారేసరికి పిల్ల ఒళ్ళు వెచ్చగా ఉంది. లేస్తూనే ఆకలన్నది. ఆ ఒక్క మాటకు కోడలికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

మధ్యాహ్నం కొత్త బొంతకు గీతలు గీద్దామని మిషను ముందు కూర్చుంది. సుద్ద కోసం ఏప్రన్ జేబులో చేయి పెట్టింది. లోపల సుద్ద పక్కన చిన్న దారపు ఉండ తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, పూడ్చిన జంట ముక్కలు అరవై మూడేనని, అరవై నాలుగోది ఈ జేబేనని.

చేయి వెనక్కి తీయబోయింది. చల్లటి వేళ్ళు ఆమె వేళ్ళను పట్టుకున్నాయి, కుట్టు నేర్పేటప్పుడు పట్టుకున్నంత మెల్లగా. జేబు విప్పి ఇది కూడా పూడ్చేయవచ్చు. కానీ జతలన్నీ వెళ్ళిపోయాక కూడా పక్కన చోటు ఖాళీగానే ఉంటే ఆవిడ మళ్ళీ పిల్లనే పిలుస్తుందేమో; ఈ ముక్క తన దగ్గరుంటే ఆ పిలుపు తనకే వస్తుంది. గుమ్మం దగ్గర పిల్ల గంతులేస్తోంది. కోడలు కుట్టు కత్తెర పక్కకు జరిపేసింది.

"వస్తాను అత్తయ్యా. పిల్ల కాస్త పెద్దదవనీండి" అంది గొంతు తగ్గించి.

పిల్ల పరుగున వచ్చి ఆమె రెండో చేయి పట్టుకుని, వెంటనే వదిలేసింది.

"అమ్మా, నీ చేయేంటి ఇంత చల్లగా ఉంది?"