చివరి అంకెలో తేడా

నేను ఒక తలకిందుల థర్మామీటర్ని. నవ్వకండి. జ్వరం చూసే నా బంధువులు జనం నాలుకల కింద, చంకల్లో కాలక్షేపం చేస్తారు. నా ఉద్యోగం మాత్రం సముద్రం లోపల. ఇనుప తీగకు కట్టి నన్ను లోతుకు దింపుతారు. అక్కడి చలి నాకు ఒంటబట్టేదాకా ఆగి, తీగ వెంట ఒక ఇత్తడి బరువును జారవిడుస్తారు. అది వచ్చి తగలగానే నేను గిర్రున తలకిందులవుతాను. లోపలి పాదరసం పుటుక్కున తెగి, ఆ లోతులో ఎంత చల్లగా ఉందో ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటుంది. పైకి వచ్చే దారిలో ఎంత వెచ్చటి నీళ్లు తగిలినా పెద్దగా మాట మార్చదు. నిటారుగా నిలబడే మనుషుల్లో ఈ గుణం తక్కువని విన్నాను.

ఎక్కడో చలిదేశంలో ఒక ముసలాయన గాజు ఊది నన్ను తయారుచేశాడు. పాదరసం తెగాల్సిన చోట గొట్టాన్ని సన్నం చేసి, జంతిక చుట్టినట్టు మెలి తిప్పాడు. అక్కణ్ణుంచి గడ్డి పెట్టెలో పడుకుని విశాఖపట్నం వచ్చి, సముద్రాన్ని కొలిచే ఓడ ఎక్కాను. భానోజీరావు గారి చేతిలోనూ, కస్తూరి గారి చేతిలోనూ పడ్డాను. ఇద్దరూ పరిశోధకులే.

ఆ ఓడలో ఒక ఆచారం ఉంది. నన్ను ఒక్కరు చదివితే చెల్లదు. భూతద్దం పెట్టి ఇద్దరు, ఒకరి తర్వాత ఒకరు, ఎవరి కళ్లతో వాళ్లు చదివి పైకి చెప్పాలి. గీతకీ గీతకీ మధ్య పడే చివరి అంకె కంటి అంచనా కాబట్టి, ఇద్దరికీ కాస్త తేడా రావడమే మర్యాద. వీళ్లకు ఎప్పుడూ వచ్చేది. ఆవిడ రెండంటే ఆయన ఒకటనేవారు. "సరిగ్గా చూడండి" అని ఆవిడ, "మీరే చూడండి" అని ఆయన, టీ చల్లారేదాకా వాదించుకునేవారు. పప్పులో ఉప్పు దగ్గర కూడా అంత పంతం నేను వినలేదు.

భానోజీరావు గారికి ఒడ్డున ఉన్నది ఒక అద్దె గది, ఒక గొడుగు. మిగతాదంతా ఓడే. చూపు తగ్గినవాళ్లను ఓడ దింపేసి ఆఫీసు కుర్చీకి అప్పగిస్తారని ఆయనకు తెలుసు.

ఒక వేసవిలో వాదనలు ఆగిపోయాయి. ఆవిడ ఎంతంటే ఆయనా అంతే. వంటగదిలోంచి టీ తెచ్చే పైడయ్య ఒకరోజు కప్పులు అందిస్తూ, "ఏటి మేడమ్, మీరిద్దరూ దెబ్బలాట మానేసినారా? టీ వేడిగా తాగేస్తన్నారు. చూడ్డానికి నాకే బాగోలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. కస్తూరి గారి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

నాకు ముందే తెలుసు. భూతద్దం అవతల ఆయన కన్ను నా మీద కాకుండా, నా పక్కనున్న గాలి మీద నిలిచేది. కానీ నేను చెప్పగలిగేది ఒక్క అంకె.

ఆ ప్రయాణంలో చివరిసారి నేను పైకి వచ్చినప్పుడు నా పాదరసం ఎనిమిదీ పాయింట్ నాలుగు రెండు దగ్గర ఉంది. కస్తూరి గారు వంగి, ఎప్పటికంటే ఎక్కువసేపు చూశారు.

"ఎనిమిదీ పాయింట్ ఏడు రెండు."

నా జన్మలో నా మీద ఎవరూ అంత పెద్ద అబద్ధం ఆడలేదు. భానోజీరావు గారు భూతద్దం అందుకుని వంగారు.

"ఏడు రెండే" అన్నారు.



"నాలుగు రెండండీ" అన్నారు ఆవిడ మెల్లగా.

ఆయన జేబురుమాలు తీసి భూతద్దం తుడిచారు. అద్దంలో ఏ దోషమూ లేదు. అయినా చాలాసేపు తుడిచారు.

"రేవు చేరేదాకా ఆగండి కస్తూరి గారూ. నేనే చెప్పుకుంటాను."

చెప్పుకున్నారు. ఆ వేసవి కొలతలన్నీ ఒక్కరి చూపుతో తీసినవని తానే కొట్టేయించారు. కంటి డాక్టర్లు, ముందే రావలసింది అన్నారు. ఆయన మళ్లీ ఓడెక్కలేదు. నేనూ ఎక్కలేదు. నా చోటికి కరెంటు పరికరం వచ్చింది. నీళ్లలో దిగింది మొదలు అంకెలు వాగుతూనే ఉంటుందట, ఎవరితోనూ వాదన పెట్టుకోదట. నన్ను పరిశోధనశాల వరండాలో అద్దాల బీరువాలో తలకిందులుగానే వేలాడదీశారు. ఆ చివరి రోజు నీళ్ల చలి ఇంకా నాలోనే ఉంది. బడిపిల్లలు వచ్చి, తిరగేసి పెట్టారేంటని జాలిపడి పోతుంటారు.

మొన్న కస్తూరి గారు ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ జుట్టు నెరిసింది. ఆయన బీరువా అద్దం మీద, నాకు బాగా పక్కగా అరచెయ్యి ఆనించారు.

"ఎంత చూపిస్తోంది?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివారు. ఈసారి నిజమే చెప్పారు. "ఎనిమిదీ పాయింట్ నాలుగు రెండు."

ఆయన నడుం వంచి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వచ్చారు.

"నాకు నాలుగు ఒకటే కనిపిస్తోందండీ" అన్నారు.

కస్తూరి గారు చీర కొంగు వేళ్లకు చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నారు.

"రెండేనండీ" అన్నారు చివరికి. "సరిగ్గా చూడండి."

ఆయన మళ్లీ వంగారు.