కింది వాటా కిటికీలో కొండ

ఆ ఇంట్లో కింది వాటాలో చెల్లెలు, ఆమె మొగుడు, కూతురు ఉండేవారు. పై వాటాలో అక్క ఒక్కతే ఉండేది. అక్క ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో పని చేసేది. పొద్దున్నే వెళ్ళి, వేడి మిషన్లలోంచి దుప్పట్లు తీయించి, ఇస్త్రీ చేయించి, మడతలు సరిచూసి, వార్డుల వారీగా తోపుడు బళ్ళకి ఎక్కించేది. సాయంత్రం ఇంటికొస్తూ కింది వాటా దగ్గర ఆగి, చెల్లెలిచ్చిన టీ నిలబడే తాగి, పాపకి జడ వేసి పైకెళ్ళేది.

చెల్లెలి మొగుడు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని విని, ఇంట్లో ఎవరైనా గ్లాసు గట్టిగా పెట్టినా ఉలిక్కిపడేవాడు. నిద్రలో కూడా అతని కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉండేది. పక్కన పడుకునే చెల్లెలి పిక్కలు ఎప్పుడూ కమిలి ఉండేవి.

ఒక ఆదివారం అన్నాల దగ్గర అతను ఒక సంగతి చెప్పాడు. మోటారు బండన్నదే లేని ఊరు ఒకటుందట. మంచు కొండల మీద. కార్లన్నీ కింద లోయలోనే ఆపేయాలట. అక్కడి నుంచి, ఏటవాలు మీద జారకుండా పళ్ళ చక్రాలున్న చిన్న రైలు ఎక్కాలి. పైన అందరూ నడుస్తారు. సామాన్లు గుర్రబ్బండి మీద వస్తాయి. డిపోలో ఎవరో వెళ్ళొచ్చి చెప్పారట.

"ఒక్కసారి అక్కడికెళ్ళి, ఊరికే నిలబడి, ఏమీ వినకుండా ఉండాలని ఉంది," అన్నాడు.

చెల్లెలు కంచంలోంచి తలెత్తకుండానే, అయితే వెళ్దాం అంది.

మర్నాడు పొద్దున ఆమె వంటింటి కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ ఉంది. అంతకుముందు అక్కడ వెనకింటి గోడ, దాని మీద నీళ్ళు కారిన మరకలు ఉండేవి. ఇప్పుడు దూరంగా, నీలంగా, నెత్తి మీద తెల్లగా కొండ నిలబడి ఉంది. చెల్లెలు కాసేపు చూసి, పాలు విరక్కుండా ఉంటాయని గిన్నె తెచ్చి కిటికీ అంచు మీద పెట్టింది. పక్కింటావిడ వచ్చి చూసి, వాళ్ళ తమ్ముడి ఇంటికి ఆమధ్య సముద్రం వచ్చిందనీ, ఉప్పుగాలికి తలుపుల బందులన్నీ తుప్పు పట్టాయనీ, దానికంటే కొండే నయమనీ చెప్పింది. అద్దెకోసం వచ్చిన ఇంటాయన గోడలకి చెమ్మ దిగకుండా చూసుకోమని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రం అక్క వచ్చి చూసింది. బాగుంది అంది. టీ సగం వదిలేసి పైకెళ్ళింది. తన వంటిల్లు సరిగ్గా చెల్లెలి వంటింటి నెత్తి మీదే ఉంది. కిటికీ తెరిచింది. గోడ. మరకలు. పక్కింటి నీళ్ళ గొట్టం. నడుము దాకా బయటికి వంగి, మెడ తిప్పి కిందికి చూసింది. కింద దాకా గోడే.

రెండ్రోజులాగి ఇంటాయన కనిపిస్తే అడిగేసింది. ఒకటే ఇల్లు, ఒకటే గోడ, కింద వాళ్ళకి కొండొచ్చినప్పుడు తనకెందుకు రాలేదని.

"వెళ్ళేవాళ్ళకే కదమ్మా వస్తుంది," అన్నాడాయన, మెత్తగానే.

ఆ మాట అక్క కడుపులో నిప్పులా పడింది. పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే అనుకుంది. చెల్లెలు చదువుకుంటుంటే తను లాండ్రీలో చేరింది. చెల్లెలికి పెళ్ళయింది. చెల్లెలికి పాప పుట్టింది. కడుపుతో మెట్లెక్కలేదని చెల్లెలికి కింది వాటా ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచంలో ఇన్ని కిటికీలుండగా కొండ కూడా వెతుక్కుంటూ దాని కిటికీలోకే వచ్చింది.

ప్రయాణం మాటలు సాగేకొద్దీ కొండ దగ్గరవుతూ వచ్చింది. మరిదికి సెలవు మంజూరైన రోజున దాని మీద చెట్లు విడివిడిగా కనిపించాయి. టిక్కెట్లు కొన్న రోజున చెట్ల మధ్య ఇళ్ళ కప్పులు తేలాయి. ఎవరికి ఏ కోటు కొనాలనే దగ్గర మొగుడూ పెళ్ళాలు మాటా మాటా అనుకుంటే రెండు రోజులు మంచుపొగ కమ్మేసి ఏమీ కనపడలేదు. చెల్లెలు మర్యాదకి ఒకసారి, నువ్వూ రారాదా అక్కా అంది. గిన్నె తోముతూ అంది. అక్క కూడా గిన్నె వైపే చూస్తూ, నాకెందుకమ్మా ఆ చలి అంది. ఆ మాట అక్కడితో అయిపోయింది.

అక్క మాత్రం వదిలిపెట్టలేదు. ప్రతి సాయంత్రం ఏదో ఒక వంక పెట్టేది. ఆ బూట్లతో మంచులో కాళ్ళు జారతాయంది. పాపకి చెవి నొప్పొస్తుందంది. కార్లు లేని ఊళ్ళో జబ్బు చేస్తే గుర్రమ్మీద ఆసుపత్రికి తీసుకెళ్తారా అని మరిదిని అడిగింది. అతను నవ్వి, అక్కడ జబ్బులు చేయవేమో వదినా అన్నాడు. చివరికి, కిటికీలోంచి పాపకి చలి కొడుతోందని చెప్పి, లాండ్రీలో పక్కన పడేసిన మందపాటి గుడ్డ తెచ్చి, అంచులు కుట్టి, తనే మేకులు కొట్టి తెర కట్టింది. కొండ సగానికి పైగా మూసుకుపోయింది. చెల్లెలు థాంక్స్ చెప్పింది. అక్కకి ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది.

అయినా తెర పక్కకి తీసి చూసేది తనే. చెల్లెలు బట్టలు సర్దుకుంటుంటే, నీళ్ళు తాగే నెపంతో వంటింట్లోకి వెళ్ళేది. అలా చూస్తుండగానే ఒకరోజు ఒక సత్రం పెరట్లో ఎర్ర రుమాలు కట్టుకున్న ముసలావిడ కనిపించింది. తాడు మీంచి తెల్ల దుప్పట్లు తీస్తోంది. గాలి లాక్కుపోతోంది. ఆవిడ ఒక్కర్తే దుప్పటిని కావలించుకుని, గెడ్డం కింద ఒక కొస నొక్కిపెట్టి, ఎలాగో ఉండచుట్టి బుట్టలో కుక్కుతోంది. అక్క ప్రాణం ఉసూరుమంది. తనకి తెలియకుండానే రెండు చేతులూ ఎత్తి, గాలికి వీపు పెట్టాలి, కొసలు ఒకదాంట్లో ఒకటి దూర్చాలి అని చేసి చూపించింది.

ముసలావిడ ఆగింది. తల ఎత్తి ఇటే చూసింది. తర్వాత గాలికి వీపు పెట్టి నిలబడి, కొసలు దూర్చి, మడత పెట్టింది. సరిగ్గా వచ్చింది. ఆవిడ చెయ్యి ఊపింది.

ఆ రోజు నుంచి అక్క వంకలు పెట్టడం మానేసింది. చెల్లెలి కోట్ల గురించి, బూట్ల గురించి ఒక్క మాట అనలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కిటికీ ముందు నిలబడేది. ముసలావిడ బుట్ట తెచ్చుకుని ఎదురుచూసేది. ఒకరోజు మసిబారిన దిండు గలీబు పట్టుకుని, దీన్నేం చేయమంటావన్నట్టు చూపిస్తే, నానబెట్టి తెల్లారి ఉతకమని అక్క సైగ చేసింది. మర్నాడు ఆవిడ ఆ గలీబు తెల్లగా చేసి చూపించింది. అక్క పైకెళ్తూ మెట్ల మీద కూనిరాగం తీయడం పక్కింటావిడ విని, మీ అక్కకేమైనా సంబంధం కుదిరిందా అని చెల్లెల్ని అడిగింది.

చెల్లెలు అప్పుడు గమనించింది. తను కిటికీ ముందు నిలబడి చెయ్యి ఊపితే ముసలావిడ తలెత్తేది కాదు. పాపని ఎత్తుకుని ఊపించినా చూసేది కాదు. బుట్ట పక్కన పెట్టుకుని, ఎవరి కోసమో చూస్తున్నట్టు కూర్చునేది. అక్క వచ్చి నిలబడగానే లేచేది.

మూడు సాయంత్రాలు ఓర్చుకుని, నాలుగో రోజు చెల్లెలు తెర బర్రున లాగేసి కిటికీకి అడ్డంగా నిలబడింది.

"టిక్కెట్లు కొన్నది మేము. సెలవు కోసం ఆయన ఎంతమంది కాళ్ళు పట్టుకున్నారో నీకు తెలుసా? మా కిటికీలోకి వచ్చిన కొండ ఇది. నువ్వు వచ్చి నిలబడేసరికి అది నీదైపోయింది."

"ఒక ముసలామె చెయ్యి ఊపితే అంత ఏడుపెందుకే?"

"నాకు ఎప్పుడూ ఇదే ఏడుపు. పాప నిద్ర లేస్తూనే పెద్దమ్మ అంటుంది. అమ్మకి స్పృహ వస్తూ పోతూ ఉన్న రోజున పక్కన కూర్చున్నది నేను, పిలిచింది నిన్ను. అందరూ చివరికి నీ వైపే చూస్తారు. నాకు మిగిలింది ఈ ఒక్క కిటికీ అనుకున్నాను."

ఇన్నేళ్ళూ అక్క తన కడుపులో ఉన్న నిప్పు తనదొక్కదానిదే అనుకుంది. కింది వాటాలో కూడా అదే రగులుతోందని ఎప్పుడూ తోచలేదు. వెనక్కి తిరిగి పైకెళ్ళిపోయింది. తర్వాత కింది వాటా గడప తొక్కలేదు. పాపే పైకెళ్ళి జడ వేయించుకునేది.

ప్రయాణం రోజు తెల్లవారుతూనే టాక్సీ వచ్చింది. మరిది పెట్టెలు ఎక్కించాడు. చెల్లెలు మెట్లెక్కి తాళంచెవి అక్క చేతిలో పెట్టి, మొక్కలకి నీళ్ళు పొయ్యి అంది. అక్క తలూపింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

టాక్సీ చప్పుడు వీధి మలుపు తిరిగాక అక్క కిందికి వచ్చింది. మొక్కలకి నీళ్ళు పోసింది. వంటింట్లో చల్లగా ఉంది. తెర కింది నుంచి మంచు పడి గట్టు మీద తెల్లగా పేరుకుంది. తెర తీసింది. సత్రం పెరడు కిటికీ అంచుకే ఆనుకుని ఉంది. గాలి ఈడ్చి కొడుతోంది. ముసలావిడ తాడు దగ్గర మోకాళ్ళ మీద కూలబడి ఉంది. దుప్పట్లు మంచులో పొర్లుతున్నాయి. ఆవిడ చెయ్యి ఊపలేదు. నడుం పట్టుకుని అక్క వైపు చూస్తోంది.

అక్క వీధి తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది. చెల్లెలి పాత స్వెట్టరు ఒకటి వేసుకుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గట్టెక్కి, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు కిటికీ అవతల పెట్టింది.

వాళ్ళు విమానం దిగి, రైళ్ళు మారి, పళ్ళ చక్రాల బండిలో పైకి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. స్టేషను బయట మరిది నిలబడిపోయాడు. హారన్ లేదు. ఇంజన్ లేదు. ఎక్కడో గుర్రం మెడలో గంట, కాళ్ళ కింద మంచు నలిగిన శబ్దం. పాప ఏదో అడగబోతే చెల్లెలు పెదవి మీద వేలు పెట్టింది. అతను అలా నిలబడే కళ్ళు తుడుచుకున్నాడు.

సత్రంలో వాళ్ళకి గది చూపించింది అక్కే. ముసలావిడ నడుం పట్టేసి లోపల మంచంలో ఉంది.

"ఎప్పుడొచ్చావు?" అంది చెల్లెలు.

"నిన్న పొద్దున్నే. మొక్కలకి నీళ్ళు పోసే వచ్చాను."

"మరి తాళం?"

"లోపల గడియ పెట్టాను. వెళ్ళాక కిటికీలోంచి దిగండి."

చెల్లెలికి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. అక్క మొహం ఎర్రగా, చలికి పగిలి, పదేళ్ళు చిన్నదైనట్టుంది. ఉన్నన్నాళ్ళూ వాళ్ళు కొండలెక్కారు, జారుడుబండి మీద జారారు. మరిది కుడికాలు ఒక్క రాత్రి కూడా కదల్లేదు. అక్కకి వాళ్ళతో తిరిగే తీరిక దొరకలేదు. ముసలావిడ లేవలేకపోయింది. సత్రం తాళాల గుత్తి అక్క నడుముకి చేరింది. ఆసుపత్రికి ఫోన్ చేసి ఇక రానని చెప్పేసిందట. ఆ మాట వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది.

తిరుగు ప్రయాణం రోజున అక్క స్టేషను దాకా వచ్చింది. పాప జడ మళ్ళీ విప్పి గట్టిగా వేసింది. బండి కదలబోతుంటే చెల్లెలు తలుపు దగ్గర నుంచుని, "వచ్చెయ్యి అక్కా," అంది. ఈసారి అక్క కళ్ళలోకి చూస్తూ అంది.

"నిజంగా పిలుస్తున్నావా?"

"నిజంగానే."

అక్క ఆమె చెయ్యి పట్టుకుని నొక్కింది. "ఈ మాట చాలే. ఇక్కడ బోలెడు పనుంది. మీరే రండి, మళ్ళీ."

బండి దిగువకి సాగింది. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మరిది ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఎండాకాలంలో మళ్ళీ వద్దాం, వదినని వదిలేసి పోతున్నామా ఏంటి అని ఓదార్చాడు.

"అందుక్కాదండీ," అంది చెల్లెలు. "నాకు కుళ్ళుగా ఉంది."

అతను లేచి, కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, తను ఇటు జరిగి కూర్చున్నాడు. చెల్లెలు అద్దానికి నుదురానించి బయటికి చూసింది. అక్క అప్పటికే వెనక్కి తిరిగి, మంచులో గబగబా, ఎవరో పిలిచినట్టు సత్రం వైపు నడుస్తోంది.