తెల్లవారి మొదటి నీళ్ళు

అందరికంటే ముందు లేచి, వంటింటి పంపు తిప్పి, రాత్రంతా పైపులో నిలిచిన నీళ్ళని బకెట్లోకి వదిలేయడం ఆమె రోజూ చేసే మొదటి పని. బకెట్లోవి ఇల్లు తుడవడానికి. చేతికి చల్లగా తగిలాక వచ్చే నీళ్ళే పాప పాలకీ, టీకీ.

ఆ పైపు సీసంది, మామగారు దగ్గరుండి వేయించింది. నిలిచిన నీళ్ళలోకి సీసం దిగుతుందని, పసిపిల్లకి మంచిది కాదని, మార్పిద్దామని అన్నప్పుడు భర్త నవ్వేశాడు. "ఈ నీళ్ళు తాగే కదా నేనింతవాణ్ణయ్యాను!" ఇంతవాడంటే ఎంతవాడో ఆమె అడగలేదు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "చదువుకున్న కోడలొస్తే ఇంట్లో నీళ్ళకి కూడా వంకలే" అంది. ఎందుకొచ్చిన గొడవలే అనుకుని ఆమె తన నిద్రలో కొంత తగ్గించుకుంది. పాప పుట్టినప్పటినుంచీ అదే వరస. ఇంట్లోవాళ్ళు హాయిగా గురకలు పెడుతుంటే, పంపు ముందు ఆవలిస్తూ నిలబడేది ఆమె.

తను పనిచేసే పాకం ఫ్యాక్టరీలో మాత్రం ఆమె వేరే మనిషి. అక్కడ టీ డికాషన్ రంగులో వచ్చే తీపి పాకం బొగ్గు పొరలు దాటి తేటపడుతుంది. పాకంలో కలిపే నీళ్ళేమో ఆవగింజలంతేసి పూసలు నింపిన పొడవాటి గొట్టంలోంచి దిగుతాయి. సీసంలాంటివన్నీ ఆ పూసలే పట్టేసుకుంటాయి. అయితే వాటికీ ఓ హద్దుంది. నిండిపోయాక కూడా నడిపిస్తే, పట్టుకున్నదాంట్లో కొంత మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తాయి. ఆ హద్దు రాకముందే ఆపి, పూసల్ని కడిగించడం ఆమె పని. ఆమె "ఆపండి" అంటే చాలు, లైనంతా ఆగిపోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకి లోపల్లోపల భలే సంతోషంగా ఉండేది.

ఆ వారం ఆమెకి తెల్లవారుజాము షిఫ్టు పడింది. నీళ్ళు వదిలాకే పాలు కలపమని భర్తకి ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నం తిరిగొచ్చి చెప్పులైనా విప్పకుండా అడిగింది.

"పాపకి పాలు కలిపారా?"

"ఆఁ, లేవగానే కలిపిచ్చా."

"ముందు నీళ్ళు వదిలారా?"

"ఏ నీళ్ళు?"

ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ భర్త మీద కంటే తన మీదే ఎక్కువ వచ్చింది. రోజూ చడీచప్పుడు లేకుండా తేటనీళ్ళు అందిస్తూ పోతే, ఈ ఇంట్లో సీసం ఉందని ఎవరికైనా ఎలా గుర్తుంటుంది? అక్కడ పూసలకి ఉన్నపాటి హద్దు తనకి లేదా? సింకు కింద ఒంగి, ఇంటికంతటికీ నీళ్ళొచ్చే తుప్పుపట్టిన వాల్వుని రెండు చేతులతో బిగించేసింది.

"ఏం చేస్తున్నావ్?"

"లైను ఆపాను."

"ఎప్పటిదాకా?"

"పైపు మారేదాకా."

అనేశాక, ఎన్నాళ్ళనుంచో మోస్తున్న బరువేదో దించినట్టు హాయిగా అనిపించింది. ఆ సాయంత్రం పక్కింటి నుంచి బకెట్లు మోసి మోసి భర్త నడుం పట్టుకున్నాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే ప్లంబర్ని వెంటబెట్టుకొచ్చాడు.

కోసి పడేసిన పాత పైపుని అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, లోపలికి తొంగి మరీ చూసింది. కొత్త పైపు నీళ్ళు గ్లాసుడు గటగటా తాగి, కోడలి వైపు తిరిగింది.

"ఈ మాత్రం దానికి ఇన్నాళ్ళు నిద్ర చెడగొట్టుకున్నావా? ముందే కట్టేసి కూర్చోవాల్సింది!"

ఆమెకి నవ్వాగలేదు. అత్తగారూ నవ్వింది, ఎందుకో తెలియకుండానే.

షిఫ్టు మారాక, మొదటిరోజు ఎప్పటి వేళకే మెలకువ వచ్చింది. ఆమె లేవలేదు, దుప్పటి గడ్డందాకా లాక్కుంది. వంటింట్లో పంపు తిప్పిన చప్పుడైంది. "చల్లబడ్డాయా?" అని అత్తగారి గొంతు. "ఇంకా లేదమ్మా, ఉండు" అని భర్త గొంతు.

పైపు కొత్తది, అంతసేపు వదలక్కర్లేదని చెబుదామనుకుంది. చెప్పకుండా అటు తిరిగి పడుకుంది.